కరెంటు పోయొస్తే ఇంటి నెట్ సెట్టింగులు ఎందుకు మొదటికొస్తాయి?

ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేస్తుంది, కరెంటు ఠక్కున పోతుంది, అర నిమిషంలో మళ్లీ వస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఫ్యాను కూడా ఆగదు. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే నిన్న గంటసేపు కుస్తీ పట్టి సరిచేసుకున్నదంతా పోయి ఉంటుంది. ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది, మార్చుకున్న డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు నంబరు వెతికిచ్చే సర్వర్) బదులు పాతదే కనిపిస్తుంది, పక్క గది కంప్యూటర్‌లోని ఫోల్డర్ తెరుచుకోదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అంటారు. మిగతా సమస్యలకు మంచి సలహాయే, దీనికి మాత్రం కాదు. ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడే కదా సెట్టింగులు పోతున్నది.

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో సాధారణంగా మూడు పరికరాలుంటాయి. స్తంభం మీదుగా వచ్చిన సన్నని ఫైబర్ తీగ ముందు ఆపరేటర్ ఇచ్చిన డబ్బాలోకి వెళ్తుంది. అందరూ దాన్ని మోడెం అంటారు, అసలు పేరు ఓఎన్‌టీ. కొందరు దాని వెనక సొంత రూటర్ పెట్టుకుంటారు. ఆ తర్వాత కంప్యూటర్. ప్రతిదానికీ రెండు జ్ఞాపకాలుంటాయి. ఒకటి ర్యామ్, అంటే ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు. రెండోది ఫ్లాష్ లేదా డిస్కు, అంటే రాసి దాచుకున్న సెట్టింగులు. కరెంటు పోతే మొదటిది చెరిగిపోతుంది. ఆన్ కాగానే రెండోదాన్ని చదువుకుని పని మొదలుపెడుతుంది. ఆ తర్వాత బయటి నుంచి ఇంకెవరైనా వచ్చి దాని మీద తిరగరాయొచ్చు.

అంటే మీ సెట్టింగ్ పోయిందంటే కారణం మూడింటిలో ఒకటి. అది దాచుకునే చోట అసలు పడలేదు, లేదా పడిన చోటు చెడిపోయింది, లేదా స్టార్ట్ అయ్యాక ఇంకొకరు మార్చేశారు. ఎక్కువ ఇళ్లలో మూడోదే జరుగుతుంది, జనం అనుమానించేది మాత్రం మొదటి రెండింటినే. అందుకే పెట్టిన సెట్టింగే మళ్లీ మళ్లీ పెట్టి విసిగిపోతారు. ఆ నెట్‌వర్క్‌లో చివరి మాట ఎవరిదో కనుక్కుంటే పని సగం అయినట్టే.

ముందు దొంగ ఏ డబ్బాలో ఉన్నాడో చూడాలి

అన్నీ సరిగ్గా ఉన్న సమయంలో ఒక కాగితం తీసుకోండి. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ అని, ఖాళీ వదిలి, స్లాష్, ఆల్ అని కొట్టండి. మీ ఈథర్‌నెట్ లేదా వైఫై శీర్షిక కింద ఐదు విషయాలు రాసుకోవాలి: ఐపీవీ4 అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ నంబరు), సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్లు, డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ పక్కన యెస్ ఉందా నో ఉందా.

తర్వాత ఒక్కొక్కటిగా ఆపి చూడండి. మొదట రూటర్‌ను ముట్టుకోకుండా కంప్యూటర్‌ను మాత్రం రీస్టార్ట్ కొట్టండి. అంకెలు పోల్చండి. రెండోసారి రీస్టార్ట్ కాకుండా షట్‌డౌన్ చేసి, నిమిషం ఆగి ఆన్ చేయండి. ఈ రెండూ ఒకటే అనుకోవద్దు, ఎందుకో కింద చెబుతాం. మూడోసారి కంప్యూటర్ నడుస్తుండగానే సొంత రూటర్ ప్లగ్గు తీసి 30 సెకన్లు ఆగి పెట్టండి. నాలుగోసారి ఓఎన్‌టీ. అన్నీ ఒకేసారి ఆపితే ఏదీ తేలదు. కరెంటు పోయినప్పుడు జరిగేది సరిగ్గా అదే కాబట్టి చాలామందికి ఈ తికమక ఏళ్ల తరబడి తెగదు.

మారింది కంప్యూటర్ లోపలి అంకెలా, రూటర్ పేజీలోని అంకెలా అన్నది కూడా చూడండి. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే రూటర్ పేజీ వస్తుంది. మీ ఇంటి రూటర్ నంబరు డిఫాల్ట్ గేట్‌వే పక్కన ఉన్నదే.

ఐపీ మారడం జబ్బు కాదు

నిన్న 192.168.1.5, ఇవాళ 192.168.1.9 అయితే ఏదీ పాడైనట్టు కాదు. డీహెచ్‌సీపీ అంటే రూటర్ నంబర్లను అద్దెకివ్వడం. అద్దెకు గడువుంటుంది, అందులో సగం దాటగానే పరికరం పొడిగింపు అడుగుతుంది. చాలా ఇంటి రూటర్లు ఎవరికి ఏ నంబరిచ్చాయో ర్యామ్‌లోనే రాసుకుంటాయి. కరెంటు పోతే ఆ పద్దు చెరిగిపోతుంది. తిరిగొచ్చాక ముందు అడిగినవాడికి ముందు నంబరు. నిన్న ప్రింటర్‌ది అయిన 192.168.1.5 ఇవాళ ఎవరి ఫోన్‌కో దక్కొచ్చు. కంప్యూటర్ ఆ పాత నంబరుకే కాగితాలు పంపుతుంటుంది, ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది.

దీనికి చాలామంది చేసే వైద్యం కంప్యూటర్‌లో స్టాటిక్ ఐపీ పెట్టడం. అక్కడే కొత్త తంటా పుడుతుంది. రూటర్ 192.168.1.2 నుంచి 192.168.1.254 దాకా పంచుతోందనుకుందాం. మీరు మధ్యలోంచి 192.168.1.10 తీసి స్టాటిక్‌గా పెట్టారు. ఆ సంగతి రూటర్‌కు తెలియదు. కంప్యూటర్ ఆగి ఉన్నప్పుడు ఆ నంబరు ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి టీవీకి ఇచ్చేస్తుంది. కంప్యూటర్ లేచేసరికి తన కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు. విండోస్ అది గమనించి మీ స్టాటిక్ నంబరు పక్కన డూప్లికేట్ అని రాసి, 169.254తో మొదలయ్యే నంబరు తగిలించుకుంటుంది. చూసేవాళ్లకు సెట్టింగ్ పోయినట్టే ఉంటుంది. నిజానికి అది డిస్కులో భద్రంగానే ఉంది, వాడుకోవడం కుదరలేదంతే.

మా సలహా స్టాటిక్ కాదు, రూటర్‌లో రిజర్వేషన్. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ లేదా స్టాటిక్ లీజ్ అని ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే దానికిచ్చిన గుర్తింపు, రెండేసి అక్షరాల ఆరు జతలు, దాని పక్కన మీరు కోరుకున్న ఐపీ రాసి సేవ్ చేయాలి. ప్రింటర్‌లో మాత్రం ఆటోమేటిక్‌గానే వదిలేయాలి. పద్దు ఒకేచోట ఉంటుంది, గొడవ రాదు. స్టాటిక్ తప్పదనుకుంటే ముందు పంచే పరిధిని 192.168.1.100 నుంచి 192.168.1.199కి కుదించి, 192.168.1.10 నుంచి 50 మధ్య నంబర్లు వాడుకోండి. గేట్‌వే గడి ఖాళీగా వదలొద్దు. అలా వదిలితే విండోస్ ఆ నెట్‌వర్క్‌ను అన్‌ఐడెంటిఫైడ్ అని తేల్చేస్తుంది, దాని ఫలితం కింద వస్తుంది.

రిజర్వేషన్ పెట్టినా నంబరు నిలవకపోతే ఫోన్లూ ల్యాప్‌టాప్‌లలోని రాండమ్ మ్యాక్ చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి వైఫైకి అసలు మ్యాక్ బదులు మారుపేరు చెప్పడం మామూలైంది. విండోస్‌లో కూడా రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అనే మీట ఉంది, అందులో రోజూ మార్చే ఎంపిక కూడా ఉంది. ఇంటి వైఫైకి మాత్రం దాన్ని ఆపేయండి. బయటి వైఫైలకు ఉంచుకోండి, అక్కడ అది మీ మంచికే.

169.254 నంబరు డూప్లికేట్ అన్న మాట లేకుండా కనిపిస్తే అర్థం వేరు. కంప్యూటర్ నంబరు అడిగింది, జవాబిచ్చే నాథుడు లేడు. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ 20 సెకన్లలో లేస్తుంది. రూటర్‌కు ఒకటి రెండు నిమిషాలు, ఓఎన్‌టీ అవతలి కేంద్రంతో కలిసి నెట్ అందుకోవడానికి ఇంకొంచెం పడుతుంది. కరెంటు రాగానే అన్నీ ఒకేసారి లేస్తే కంప్యూటర్ తొందరపడినట్టవుతుంది. ఆ డబ్బాలు లేచాక కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు.

ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయకపోవడం అన్నిటికన్నా విసిగిస్తుంది. అలా ఉంటే ఇంట్లో రెండు డీహెచ్‌సీపీలు ఉన్నాయేమో చూడండి. వెనక గదికి సిగ్నల్ అందట్లేదని పాత రూటర్‌ను తీసి వైర్‌తో కలిపి ఉంటారు. దాని డీహెచ్‌సీపీ ఆపలేదు. ఇద్దరూ నంబర్లు పంచుతారు, ముందు పలికినవాడి మాటే చెల్లుతుంది. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ గేట్‌వే 192.168.1.1, 192.168.0.1 మధ్య మారుతుంటే అనుమానం అక్కర్లేదు, ఇదే. పాత రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, దాని సొంత నంబరును అసలు రూటర్ పంచే పరిధిలో లేని 192.168.1.2 లాంటి దానికి మార్చి, వైరును వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో పెట్టాలి.

రూటరే మరిచిపోతుంటే

రూటర్ పేజీలో అప్లై, సేవ్ అని రెండు మీటలుంటే రెండూ నొక్కాలి. కొన్ని పాత మోడెంలలో, కొన్ని ఓఎన్‌టీలలో అప్లై నొక్కితే ర్యామ్‌లో మాత్రమే మారుతుంది. ఫ్లాష్‌లో పడాలంటే విడిగా సేవ్ లేదా కమిట్ నొక్కాలి, అది వేరే పేజీలో మేనేజ్‌మెంట్ కిందో మెయింటెనెన్స్ కిందో దాక్కుని ఉంటుంది. సేవ్ నొక్కిన వెంటనే ప్లగ్గు పీకొద్దు. ఫ్లాష్‌లో రాయడం మధ్యలో ఆగితే ఆ ఫైలు లెక్క సరిపోక రూటర్ దాన్ని నమ్మకుండా పక్కనపడేసి, ఫ్యాక్టరీ సెట్టింగులతో లేస్తుంది. రెండు నిమిషాలు ఆగితే ఆ ప్రమాదం ఉండదు.

మొత్తం సెట్టింగులన్నీ పోయి, వైఫై పేరు కూడా స్టిక్కర్ మీద ఉన్నదే అయిపోతుంటే ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌ను. రూటర్ కన్నా ముందు అదే ముసలిదవుతుంది. లోపలి కెపాసిటర్ ఎండిపోతే లోడు పడగానే వోల్టేజ్ కిందికి జారుతుంది. రూటర్ లేస్తూ పడుతూ ఉంటుంది, ఆ సమయంలో ఫ్లాష్ చెడొచ్చు. మల్టీమీటర్‌తో ఊరికే కొలిస్తే 12 వోల్టులే చూపిస్తుంది, లోడు లేదు కాబట్టి. అందుకని అదే రేటింగ్ ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టి రెండు మూడు రోజులు చూడటమే నమ్మకమైన పరీక్ష. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. 9 వోల్టుల దానికి 12 వోల్టులది పెడితే రూటర్ కాలిపోవచ్చు. యాంపియర్లు మాత్రం ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువుండకూడదు. పిన్ లోపలివైపు ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ రెండిటి మీదా ఒకేలా ఉండాలి.

ఇన్వర్టర్ ఉన్నా రూటర్ ఆగిపోవడానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, వైరింగ్‌లో లైట్లూ ఫ్యాన్లకే ఇన్వర్టర్ లైను ఇచ్చి, టీవీ దగ్గరి ప్లగ్గుకు ఇవ్వకపోవడం. చాలా ఫ్లాట్లలో రూటర్ ఉండేది ఆ టీవీ దగ్గరే. రెండు, ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఈకో అని ఉండే స్విచ్ ఈకోలో ఉండటం. ఆ మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడం నెమ్మదిగా జరుగుతుంది. ఫ్యాను రెక్క తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మనకు తెలియదు, రూటర్ మాత్రం ఆగి లేస్తుంది. యూపీఎస్ వైపు తిప్పితే చాలామందికి సమస్య తగ్గిపోతుంది.

అదీ కుదరకపోతే రూటర్ల కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ తీసుకోండి. పెట్టె మీద 8,800 ఎంఏహెచ్ అని ఉంటే అది 3.7 వోల్టుల లెక్కలో చెప్పిన అంకె, సుమారు 32 వాట్ అవర్లు. ఓఎన్‌టీ, రూటర్ కలిసి 8 వాట్లు తింటే, దారిలో పోయే నష్టం తీసేశాక మూడు గంటలకు పైగా వస్తుంది. రెండు డబ్బాల యాంపియర్లు కలిపి యూపీఎస్ ఇవ్వగలిగిన దానికి మించకుండా చూసుకోండి.

సెట్టింగ్ పోకపోయినా పోయినట్టు కనిపించేవి రూటర్‌లో రెండున్నాయి. మామూలు ఇంటి రూటర్‌లో గడియారానికి బ్యాటరీ ఉండదు. లేవగానే తేదీ 1970 జనవరి 1గానో, తయారైన నాటిదిగానో ఉంటుంది, నెట్ వచ్చాకే సరిపడుతుంది. పిల్లల ఫోన్లకు రాత్రి 10 తర్వాత నెట్ ఆపే షెడ్యూల్ పెట్టి ఉంటే అప్పటిదాకా అది లెక్క తప్పుతుంది. టైమ్‌జోన్ 5:30 కలిపి పెట్టారో లేదో కూడా చూడండి. రెండోది 5 గిగాహెర్ట్జ్ వైఫై. 52 నుంచి 144 దాకా ఛానళ్లు రాడార్లు వాడే పౌనఃపున్యాలవి. అందులో పనిచేసే రూటర్ లేవగానే కనీసం 60 సెకన్లు రాడార్ ఉందేమోనని వినాలి. ఆ నిమిషం పాటు 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడదు, ఫోన్లన్నీ 2.4కి వెళ్లిపోతాయి. 36 నుంచి 48 మధ్య ఛానల్ పెట్టుకుంటే ఈ ఎదురుచూపు ఉండదు.

ఆపరేటర్ తిరగరాస్తున్నాడా?

ఓఎన్‌టీలో డీఎన్ఎస్ మార్చారు, సేవ్ చేశారు, అడాప్టర్ మంచిదే. అయినా ప్రతి రీస్టార్ట్ తర్వాత పాతదే వస్తోంది. ఇది పాడైన డబ్బా కాదు, యజమాని మాట వింటున్న డబ్బా. ఆపరేటర్లు ఇచ్చే డబ్బాలను దూరం నుంచి నడపడానికి టీఆర్-069 అనే పద్ధతి ఉంది, 2004లో వచ్చింది. డబ్బా లేచిన ప్రతిసారీ ఆపరేటర్ సర్వర్‌కు ‘నేను లేచాను’ అని కబురు పంపుతుంది. సర్వర్ కావాలంటే జవాబుగా డీఎన్ఎస్, వైఫై పేరు, పాస్‌వర్డ్, అడ్మిన్ లాగిన్, ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) ఏదైనా తనకు నచ్చినట్టు రాసి పంపగలదు. లక్షల ఇళ్లకు మనిషిని పంపకుండా మరమ్మతు చేయడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. చెడు ఉద్దేశంతో పెట్టింది కాదు, కానీ అక్కడ చివరి మాట మీది కాదు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఓఎన్‌టీ ఆపి, ఫైబర్ కనెక్టర్‌ను మెల్లగా బయటికి లాగండి. తీగను మడవొద్దు, కొనను వేలితో తాకొద్దు, అందులోకి చూడొద్దు. కంటికి కనబడని లేజర్ అందులో ఉంటుంది. ఫైబర్ లేకుండానే ఓఎన్‌టీ ఆన్ చేసి పేజీ తెరిచి చూడండి. మీ సెట్టింగ్ ఉందా? ఉంటే ఫ్లాష్ బాగానే ఉన్నట్టు. ఇప్పుడు ఫైబర్ పెట్టి ఐదు పది నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పుడు మారిపోతే తిరగరాసింది అవతలివాళ్లే.

దానితో కొట్లాడటం వృథా. టీఆర్-069 ఆపేద్దామన్నా చాలా డబ్బాల్లో ఆ గడి తాళం వేసి ఉంటుంది. తాళం లేకపోయినా ఆపాక కనెక్షన్ చెడితే ఆపరేటర్ దూరం నుంచి ఏమీ చేయలేడు. ఫ్యాక్టరీ రీసెట్ అసలే చేయొద్దు. వెనక సూది రంధ్రాన్ని పది సెకన్లు నొక్కితే ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్ కావడానికి వాడే మీ పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లైనుకు ఆపరేటర్ కేటాయించిన వీల్యాన్ నంబరు పోతాయి. కొన్ని డబ్బాలు అవి మళ్లీ తెచ్చుకుంటాయి, కొన్నిటికి టెక్నీషియన్ రావాల్సిందే. ఆదివారం నాడు నొక్కితే సోమవారం దాకా నెట్ లేనట్టే.

మంచి దారి వెనక సొంత రూటర్ పెట్టుకుని, మీకు కావాల్సినవన్నీ అందులోనే రాసుకోవడం. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రూటర్ పని మాని నెట్‌ను దాటించడం మాత్రమే చేసేలా, మార్చమని ఆపరేటర్‌ను అడగండి. ఒప్పుకుంటే పీపీపీఓఈ వివరాలు మీ రూటర్‌లో పెట్టుకుంటారు. ఒప్పుకోకపోతే ఓఎన్‌టీ ల్యాన్ రంధ్రం నుంచి మీ రూటర్ వ్యాన్ రంధ్రానికి వైరు కలిపితే చాలు, బ్రౌజింగ్‌కూ వీడియో కాల్స్‌కూ తేడా ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండూ 192.168.1 వరుసలో ఉండకూడదు. ఉంటే కొన్ని రూటర్లు లేవగానే అది గమనించి తమ నంబరును తామే 192.168.0.1కో 10.0.0.1కో మార్చేసుకుంటాయి. దాంతో రిజర్వేషన్లు, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని ఒక పరికరానికి పంపే ఏర్పాటు) అన్నీ తెగిపోతాయి. మీ రూటర్‌ను ముందే 192.168.50.1కి మార్చి పెట్టండి. ఓఎన్‌టీ వైఫై, మీ రూటర్ వైఫై ఒకే పేరుతో ఉంచొద్దు. ఆపేసిన ఓఎన్‌టీ వైఫై రీస్టార్ట్ తర్వాత తిరిగి లేస్తే, ల్యాప్‌టాప్ ఒక నెట్‌వర్క్‌లో, ప్రింటర్ ఇంకో నెట్‌వర్క్‌లో ఇరుక్కుంటాయి.

కెమెరాల కోసం పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినవాళ్లు రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటివైపు నుంచి రూటర్‌కు వచ్చిన నంబరు, చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు, మీలాంటి ఎందరో బయటి నెట్‌కు కనిపించే ఒకే పబ్లిక్ ఐపీని పంచుకుంటున్నారు. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు పెట్టినా పనిచేయదు, ఆపరేటర్ దగ్గర పబ్లిక్ ఐపీ తీసుకోవాలి.

కంప్యూటర్ వైపు

షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే తేడా, రీస్టార్ట్ కొడితే బాగుంటే అది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి ఆపడం కాదు. విండోస్ గుండెకాయనూ డ్రైవర్ల స్థితినీ డిస్కులో దాచి, ఆన్ చేయగానే అక్కడి నుంచే కొనసాగిస్తుంది. కొన్ని నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లు అలా లేవడంలో తడబడుతుంటాయి. రీస్టార్ట్ మాత్రం అంతా కొత్తగా మొదలుపెడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ, పైన ఉన్న నీలి లింకు నొక్కాక టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసేయండి. ముందు పరీక్షించాలంటే షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది.

ఫోల్డర్ షేరింగ్, ప్రింటర్ షేరింగ్ పోతుంటే నెట్‌వర్క్ ప్రైవేట్ నుంచి పబ్లిక్‌కు మారి ఉంటుంది. విండోస్ ఇంటి నెట్‌వర్క్‌ను గుర్తుపట్టేది ముఖ్యంగా గేట్‌వే మ్యాక్ అడ్రస్‌తో. ఆపరేటర్ డబ్బా మార్చినా, లేచేసరికి గేట్‌వే పలకకపోయినా కొత్త చోటు అనుకుని తలుపులు మూసేస్తుంది. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ ఎంచుకోండి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసినా ఆఫ్‌కే వస్తుంటే సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్, ఎస్ఎస్‌డీపీ డిస్కవరీ, యూపీఎన్‌పీ డివైస్ హోస్ట్ మూడూ నడుస్తున్నాయో లేదో చూడండి. ఇవి ఆగి ఉంటే ఆ మీట నిలవదు. మూడింటినీ ఆటోమేటిక్‌లో పెట్టండి.

గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టినా పాతదే వాడుతోందనిపిస్తే ఐపీవీ6 (కొత్త తరం నంబర్ల పద్ధతి) చూడండి. మీరు మార్చింది ఐపీవీ4 గడి. ఐపీవీ6 ద్వారా రూటర్ తన డీఎన్ఎస్‌ను విడిగా అందిస్తుంటుంది. ఐపీకాన్ఫిగ్ జాబితాలో డీఎన్ఎస్ మొదటి వరుస ఎఫ్ఈ80తో మొదలైతే అది రూటర్‌దే. ఐపీవీ6 ఆపేయనక్కర్లేదు. దాని ప్రాపర్టీస్‌లో కూడా గూగుల్‌దే అయిన 2001:4860:4860::8888 రాయండి.

ఆఫీసు వీపీఎన్ నడుస్తుండగా కరెంటు పోతే అది పెట్టిన డీఎన్ఎస్ అలాగే మిగిలిపోవచ్చు. వీపీఎన్ మళ్లీ కలిపి, మామూలుగా డిస్‌కనెక్ట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. నెట్ రాకపోకలను మధ్యలో ఇంకొకరి ద్వారా పంపే ప్రాక్సీ మీట ఆపిన ప్రతిసారీ రీస్టార్ట్ తర్వాత తిరిగి ఆన్ అవుతుంటే స్టార్టప్ యాప్స్‌లో, టాస్క్ షెడ్యూలర్‌లో తెలియని పేర్లు వెతకండి. అడ్రస్ 127.0.0.1 ఉంటే కంప్యూటర్‌లోనే ఏదో ప్రోగ్రామ్ మధ్యలో కూర్చుంది. అది యాంటీవైరస్ కావచ్చు, యాడ్ బ్లాకర్ కావచ్చు, వైరస్సూ కావచ్చు. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, పావుగంట పడుతుంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో ఇంకెక్కడో పాత ఆఫీసు ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు సెట్టింగ్స్, అకౌంట్స్‌లో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ తప్పకుండా చూడాలి. అక్కడ పాత కంపెనీ పేరుంటే ఆ కంపెనీ విధానాలే ప్రతిసారీ మీ మార్పులను తుడిచేస్తున్నాయి. మెషీన్ ఆటోపైలట్‌లో (కంపెనీల కంప్యూటర్లను నమోదు చేసే మైక్రోసాఫ్ట్ సేవలో) నమోదై ఉంటే విండోస్ కొత్తగా వేసినా అది తిరిగొస్తుంది, విడిపించగలిగేది ఆ కంపెనీ ఒక్కటే. కొనేముందే దుకాణంలో విండోస్ రీసెట్ చేయించి, మొదటి తెరలో కంపెనీ లాగిన్ అడుగుతోందేమో చూసుకోండి. కాలేజీ ల్యాబుల నుంచి, నెట్ సెంటర్ల నుంచి వచ్చిన డెస్క్‌టాప్‌లలో డీప్ ఫ్రీజ్ లాంటిది మిగిలి ఉండొచ్చు. అది రీస్టార్ట్ కాగానే డిస్కు మొత్తాన్ని పాత స్థితికి తెస్తుంది. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు కూడా మాయమైతే అదే. గడియారం దగ్గర తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఉందేమో చూడండి. ఇప్పటి ఉద్యోగపు ల్యాప్‌టాప్ అయితే కంపెనీ సెట్టింగుల జోలికి పోవద్దు, కావాల్సింది ఇంటి రూటర్‌లో పెట్టుకోండి.

డెస్క్‌టాప్‌లో తేదీ కూడా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. బయోస్ (విండోస్ కన్నా ముందే లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) డిఫాల్ట్‌కు వచ్చి, మీరు అందులో పెట్టిన ల్యాన్ సెట్టింగులు పోతాయి. తేదీ తప్పు కాబట్టి వెబ్‌సైట్లు కూడా భద్రత లేదంటూ తెరుచుకోవు, అందరూ నెట్ పోయిందనుకుంటారు. ప్లగ్గు తీసి, పవర్ మీట పది సెకన్లు నొక్కి, బ్యాటరీ మార్చండి. ప్లస్ గుర్తు పైకి ఉండాలి.

లైనక్స్ వాడేవాళ్లకు క్లుప్తంగా: ఈటీసీలోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలును చేత్తో మార్చితే నిలవదు. చాలా డిస్ట్రోలలో అది ర్యామ్‌లోని ఇంకో ఫైలుకు దారి మాత్రమే, లేచిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. నెట్‌వర్క్ మేనేజర్‌లో కనెక్షన్‌కే డీఎన్ఎస్ రాసి, ఆటోమేటిక్ డీఎన్ఎస్ ఆపండి. ఐపీ ఆదేశంతో కలిపిన అడ్రస్, ఐపీటేబుల్స్ నియమాలు కూడా రీస్టార్ట్‌తో పోయేవే. విండోస్‌లో రూట్ యాడ్ ఆదేశానికీ ఇదే వర్తిస్తుంది, నిలవాలంటే మైనస్ పీ జోడించాలి.

అంతా కుదిరాక రూటర్ పేజీలో బ్యాకప్ లేదా ఎక్స్‌పోర్ట్ కాన్ఫిగరేషన్ నొక్కి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఆ ఫైలు వేరే మోడల్ రూటర్‌లో పనిచేయదు కాబట్టి వ్యాన్, వైఫై, డీహెచ్‌సీపీ, రిజర్వేషన్ పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పీపీపీఓఈ యూజర్ నేమ్, వీల్యాన్ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి, డబ్బా మీద అంటించొద్దు. తర్వాత రెండు నిమిషాలాగి, ఇంట్లో ఎవరూ కాల్‌లో లేని సమయం చూసి, ఇన్వర్టర్ కరెంటు కూడా అందకుండా మూడు పరికరాల ప్లగ్గులూ ఒకేసారి తీసి మళ్లీ పెట్టండి. లేచాక అంకెలను మొదట రాసుకున్న కాగితంతో పోల్చి చూడండి.